మెటాలికా ‘72 సీజన్స్’: ఓ 37 నిమిషాలు ఎక్కువైంది

మొన్న మా మేనల్లుడు ఫోన్ చేసి, “మామయ్యా, మెటాలికా కొత్త ఆల్బమ్ ఉందంట కదా, ఏ పాటతో మొదలుపెట్టమంటావ్?” అన్నాడు. వాడికి పదహారేళ్లు. స్ట్రేంజర్ థింగ్స్ వెబ్ సిరీస్ నాలుగో సీజన్ చివర్లో ఒక కుర్రాడు కప్పు మీదకెక్కి గిటార్‌తో ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ వాయిస్తాడు చూడండి, వీడు అక్కడ దొరికిపోయాడు. అప్పట్నుంచీ ఒక్కో పాత ఆల్బమే నమిలి మింగుతున్నాడు. వాడు కొత్తదంటున్నది 2023 ఏప్రిల్‌లో వచ్చిన 72 సీజన్స్. నేను ఏదో చెప్పబోయి ఆగిపోయాను. ఇరవై ఏళ్లుగా వింటున్న అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్, ఆ సీడీ నా బీరువాలోనే ఉంది, అయినా అందులో పాటల పేర్లు వరసగా చెప్పమంటే ఐదో పేరు దగ్గర తడుముకుంటాను. అదే మాస్టర్ ఆఫ్ పపెట్స్ ఆల్బమ్ అయితే అర్ధరాత్రి లేపి అడిగినా ఎనిమిది పాటలూ గుక్కతిప్పుకోకుండా చెప్తాను. అందుకే ఈ రివ్యూ, కాస్త ఆలస్యంగా.

ముందే చెప్పేస్తున్నా, ఇది చెత్త ఆల్బమ్ కాదు. చెత్తగా ఉన్నా బాగుండేది, కడుపారా తిట్టుకునేవాళ్లం. ఇది తిట్టడానికీ పనికిరాదు, మళ్లీ మళ్లీ పెట్టుకుని వినడానికీ మనసు రాదు. 5కి రెండున్నర ఇస్తాను, అందులో ఒక అర పాత స్నేహం కొద్దీ.

వచ్చిన రోజు బాగా గుర్తుంది. 2023 ఏప్రిల్ 14, శుక్రవారం, అంబేడ్కర్ జయంతి సెలవు. హుస్సేన్‌సాగర్ దగ్గర 125 అడుగుల విగ్రహం ఆవిష్కరించింది కూడా ఆ రోజే, కాబట్టి అటువైపు బండి తీసే ఆలోచన ఎవరూ పెట్టుకోలేదు. నాకు అది బాగా కలిసొచ్చింది. అర్ధరాత్రి పన్నెండు దాటగానే ఆల్బమ్ స్ట్రీమింగ్‌లో ప్రత్యక్షమైంది. హాల్లో లైటు తీసేసి, పెద్ద హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, సోఫాలో కాళ్లు బారజాపుకుని కూర్చున్నాను. మా ఆవిడ నీళ్ల కోసం లేచి వచ్చి, చీకట్లో తల ఊపుతున్న నన్ను చూసి, ఏమీ అనకుండా వెళ్లి పడుకుంది. నాలుగు పాటలు ముందే సింగిల్స్‌గా వచ్చేశాయి, వాటిలో ‘లక్స్ ఎటర్నా’ని 2022 నవంబర్ చివర్నుంచీ అరగదీస్తూనే ఉన్నాను. మూడున్నర నిమిషాల్లోపు పాట, చటుక్కున మొదలై చటుక్కున అయిపోతుంది, వినగానే “అబ్బా, వీళ్లు మళ్లీ ఇరవై ఏళ్ల కుర్రాళ్లయ్యారురా” అనిపిస్తుంది. ఆల్బమ్ అంతా ఇలాగే ఉంటుందని నాకు నేనే మాటిచ్చేసుకున్నాను. ఆ తప్పు వాళ్లది కాదు, నాదే.

ఆరో పాటగా ఆ లక్స్ ఎటర్నా వచ్చేదాకా ఓపికగానే ఉన్నాను. ఎనిమిదో పాటకి ఫోన్ చేతిలోకి వచ్చింది. తొమ్మిదో పాట నడుస్తుంటే పొద్దున్న పాలవాడికి ఇవ్వాల్సిన చిల్లర గుర్తొచ్చింది. మెటాలికా వింటూ పాలవాడి చిల్లర గురించి ఆలోచించడం నా జీవితంలో అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే హాస్టల్ నాటి ఫ్రెండ్ ఫోన్, ఇప్పుడు డల్లాస్‌లో ఉంటున్నాడు. “ఎలా ఉందిరా?” అన్నాడు. “ఇంకోసారి వినాలి” అన్నాను. వాడు రెండు క్షణాలు ఆగి, “నేనూ ఇంకోసారి వినాలి” అన్నాడు. ఇద్దరం నవ్వేశాం. అభిమాన హీరో సినిమాకి తెల్లారుజామున బెనిఫిట్ షోకి వెళ్లి, బయట మైకులు పట్టుకుని నిలబడ్డ వాళ్లతో “సెకండాఫ్ కొంచెం లాగ్ అయింది గానీ ఇంటర్వెల్ బ్యాంగ్ అదుర్స్” అని చెప్పే మొహం మీరెప్పుడైనా పెట్టుంటే మా ఇద్దరి మొహాలు ఎలా ఉన్నాయో అర్థమవుతుంది.

ఇక సరుకు సంగతికొస్తే, మొత్తం 12 పాటలు, 77 నిమిషాలు. పాడుతూ గిటార్ వాయించే జేమ్స్ హెట్‌ఫీల్డ్, డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్‌తో కలిసి గ్రెగ్ ఫిడెల్‌మన్ ప్రొడ్యూస్ చేశాడు. పేరులో ఉన్న లెక్క ఏమిటంటే, ఏడాదికి నాలుగు రుతువుల చొప్పున మనిషి మొదటి పద్దెనిమిదేళ్లు, అంటే 72. ఆ పద్దెనిమిదేళ్లలో మన నెత్తిన పడినవే జీవితాంతం మోస్తామనేది హెట్‌ఫీల్డ్ ఆలోచన. అట్ట మీద పసుపు రంగు మధ్య కాలిపోయిన ఉయ్యాల తొట్టి. ఈ ఊహకి నేను నమస్కారం పెడతాను. పదహారేళ్లప్పుడు తల్లిని క్యాన్సర్‌కి పోగొట్టుకున్నవాడు, 2019లో టూర్ ఆపేసి మళ్లీ రీహాబ్‌కి వెళ్లొచ్చినవాడు, అరవై నిండబోతుండగా ఆ చిన్నప్పటి గదిలోకి తిరిగి వెళ్తానంటున్నాడంటే ఎవరికైనా ఒళ్లు జలదరించాలి. కానీ పాటల్లో మాటలు చూస్తే ప్రాస కోసం వెతుక్కుని తెచ్చినట్టుంటాయి, చీకటీ వెలుగూ నీడా అద్దం మంటా, ఇవే అటు తిప్పీ ఇటు తిప్పీ. ఇంత బతుకు బతికిన మనిషి దగ్గర చెప్పడానికి ఒక ఇల్లు, ఒక గది, ఒక రోజు ఉండవా? అవేమీ కనపడవు.

బాగున్నవి చెప్పకపోతే పాపం. మొదటి పాట, అంటే ఆల్బమ్ పేరే ఉన్న పాట, ఏడున్నర నిమిషాల పైనే ఉన్నా పరుగు తగ్గదు. ఆ పాటకే 2024లో గ్రామీ వచ్చింది, మెటల్ విభాగంలో. హెట్‌ఫీల్డ్ గొంతు ఆ వయసుకి అంత కండగా ఉండటం ఆశ్చర్యమే, కుడిచెయ్యి అయితే ఇప్పటికీ కుట్టుమిషన్ సూదిలా పడుతుంది. రాబర్ట్ ట్రుహీయో బేస్ గిటార్ ఎట్టకేలకు చెవికి వినపడుతోంది. 1988 ఆల్బమ్‌లో బేస్‌ని దాదాపు మాయం చేసిన బ్యాండ్‌కి ఇది పెద్ద పుణ్యమే. చివరి పాట ‘ఇనమొరాటా’ 11 నిమిషాలు దాటుతుంది, వాళ్లు సొంతంగా రాసుకున్న ఆల్బమ్ పాటల్లో ఇంత పొడుగు పాట ఇంకోటి లేదు. అందులో సగం దాకా వచ్చాక గిటార్లన్నీ పక్కకి తప్పుకుంటాయి. ఒక్క బేస్ మాత్రం మిగిలి, దాని వెనక డ్రమ్స్ గుమ్మం బయట ఎవరో నెమ్మదిగా తచ్చాడుతున్నట్టు వినపడతాయి. తర్వాత రెండు గిటార్లూ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకున్నట్టు జంటగా లేస్తాయి. అక్కడ నేను నిజంగా కళ్లు మూసుకున్నాను, అప్పటికి టైము ఒకటింబావు కావొస్తోంది, నిద్ర వల్ల కాదు. ఆ చోటు కోసం 5కి ఒక పాయింటు ఇచ్చాను. కానీ అక్కడికి చేరాలంటే 60 నిమిషాల పైన నడవాలి, దారంతా ఒకేలా ఉండే ఔటర్ రింగ్ రోడ్డు మీద.

ఆ దారి గురించే నా ఏడుపు. ‘యూ మస్ట్ బర్న్’ వింటుంటే వాళ్ల పాత పాట ‘సాడ్ బట్ ట్రూ’కి మసక జిరాక్స్ కాపీలా ఉంటుంది. ‘స్లీప్‌వాక్ మై లైఫ్ అవే’ మొదలు వినగానే వాళ్ల పాత హిట్ ఎంటర్ శాండ్‌మన్ వస్తుందేమో అని చెవులు నిక్కబొడుచుకుంటాయి, రాదు. ‘క్రౌన్ ఆఫ్ బార్బ్‌డ్ వైర్’, ‘చేజింగ్ లైట్’, ‘ఇఫ్ డార్క్‌నెస్ హ్యాడ్ ఎ సన్’ వరసగా మూడు, మూడూ అదే మధ్యరకం వేగం, నడకా కాదు పరుగూ కాదు. ఈ మూడోదాన్నే తీసుకోండి. డ్రమ్స్ కవాతులా మొదలవుతాయి, గిటార్ వచ్చి చేరుతుంది, ఇదిగో పాడతాడు అనుకుంటాం, ఇంకో చుట్టు తిరుగుతుంది, ఇప్పుడు పాడతాడు అనుకుంటాం, ఇంకో చుట్టు. తీరా గొంతు విప్పాక ఒకే మాటని పదేపదే అంటాడు. రిఫ్, అంటే పాటలో తిరిగి తిరిగి వచ్చే గిటార్ ముక్క, బాగుందా అంటే బాగుంది, కాదనను, కానీ మంచి పచ్చడి ఉంది కదా అని అన్నం మొత్తం దాంతోనే తినమంటే ఎలా? పాత మెటాలికాలో ఇదే నిడివిలో నాలుగు మలుపులుండేవి. ఒక రిఫ్ రుచి నాలిక మీద ఉండగానే లాగేసుకుని ఇంకోటి పెట్టేవాళ్లు.

మన సినిమా అయితే రిలీజైన మూడో రోజుకి “ప్రేక్షకుల కోరిక మేరకు 15 నిమిషాలు ట్రిమ్ చేశాం” అని ప్రెస్‌మీట్ పెడతారు. ఆల్బమ్‌కి ఆ అదృష్టం లేదు.

నాకు ఒక థియరీ ఉంది, నవ్వకండి. మాస్టర్ ఆఫ్ పపెట్స్ నిడివి 55 నిమిషాల లోపే, ఎల్‌పీ రికార్డు రెండు వైపులా కుక్కితే పట్టేది అంతే మరి. తర్వాత సీడీల కాలం వచ్చింది, సీడీ మీద 80 నిమిషాల దాకా పడుతుంది. 1996లో ‘లోడ్’ అని తీసి దాదాపు 79 నిమిషాలు నింపారు. 2003 సెయింట్ ఆంగర్ 75, 2016 హార్డ్‌వైర్డ్ రెండు డిస్కులు కలిపి 77, ఇప్పుడు ఇది 77. డాబా మీద జాగా ఖాళీగా ఉంది కదా అని రేకుల షెడ్డు వేసి, షెడ్డు ఉంది కదా అని పాత సామానంతా అక్కడ పడేసినట్టు. జాగా ఉన్నంత మాత్రాన సామాను పెరగాలని ఏముంది? స్ట్రీమింగ్ రోజుల్లో ఆ జాగాకి హద్దు కూడా లేదు.

అసలు వద్దు అని చెప్పేవాడు ఎవరున్నారు? 1991లో నల్ల అట్ట ఆల్బమ్ చేసినప్పుడు బాబ్ రాక్ అనే ప్రొడ్యూసర్ ఎదురు కూర్చుని పోట్లాడాడు. ఎంటర్ శాండ్‌మన్‌కి మొదట రాసిన మాటలు చాలవు, మళ్లీ రాయమని హెట్‌ఫీల్డ్‌కి చెప్పడానికి కూడా వెనకాడలేదు. చెప్పించుకున్నవాడికి ఒళ్లు మండే ఉంటుంది, కానీ రాశాడు. పాట ఏమైందో అందరికీ తెలుసు. అదే బాబ్ రాక్ సెయింట్ ఆంగర్ నాటికి బేస్ వాయించేవాడు లేక తనే వాయించాడు, అంటే ఎదురు కూర్చోవాల్సినవాడు పక్కన చేరిపోయాడు. 2012 నుంచి వీళ్లకి సొంత లేబుల్, 2023లో వినైల్ రికార్డులు అచ్చేసే ఫ్యాక్టరీలో కూడా పెద్ద వాటా కొనేశారు. ఇల్లు వాళ్లదే, వంట వాళ్లదే, వడ్డన వాళ్లదే. “ఈ కూరలో ఉప్పు ఎక్కువైంది” అనే అత్తగారు ఉండాల్సిన చోట ఎవరూ లేరు.

లీడ్ గిటారిస్టు కర్క్ హామెట్ సోలోల మీద, అంటే పాట మధ్యలో ఒక్కడే వాయించే ముక్కల మీద, నాకు వేరే బాధ. మనిషి మీద ప్రేమ ఉంది, కానీ గిటార్‌ని ‘వా వా’ అనిపించే వా పెడల్ మీద నుంచి కాలు తీయడు. ఒకప్పుడు అతని సోలో పాడుకునేట్టు ఉండేది. ‘ఫేడ్ టు బ్లాక్’ సోలోని మా హాస్టల్‌లో గిటార్ పట్టుకోవడం రానివాళ్లు కూడా నోటితో వాయించేవాళ్లు. ఈ ఆల్బమ్ నుంచి ఒక్క సోలో నోటికి రమ్మంటే రాదు.

ఇదంతా చదివి “నీకు వయసు పైబడిందిలే అంకుల్” అనేవాళ్లుంటారు. ఆ అనుమానం నాకే వచ్చింది. ముప్పై ఎనిమిదికే చెవులు మొద్దుబారాయా, కొత్తది ఏదీ ఎక్కడం లేదా అని. కానీ మరుసటి ఏడు, 2024 మార్చిలో, జూడాస్ ప్రీస్ట్ అనే ఇంకో పాత మెటల్ బ్యాండ్ ఆల్బమ్ ‘ఇన్విన్సిబుల్ షీల్డ్’ వచ్చింది. పాడే రాబ్ హాల్‌ఫర్డ్‌కి అప్పటికి 72 ఏళ్లు. 11 పాటలు, 52 నిమిషాల చిల్లర, చెప్పాల్సింది చెప్పి తలుపేసుకుని వెళ్లిపోయారు. ఆ నెలంతా ఆఫీసు క్యాబ్‌లో అదే విన్నాను. కాబట్టి నా చెవులు బాగానే ఉన్నాయి, ముసలితనం కూడా కారణం కాదు. అన్నట్టు 2021లో ఐరన్ మెయిడెన్ అనే బ్యాండ్ కూడా 80 నిమిషాలు దాటిన ఆల్బమ్ ఇచ్చి ఇలాగే ఏడిపించింది, అది ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఇంకో మాట. ఈ బ్యాండ్ నన్ను నిరాశపరచడం మొదటిసారి కాదు, కానీ పాత నిరాశలు వేరు. సెయింట్ ఆంగర్ వచ్చినప్పుడు ఇంజనీరింగ్‌లో చేరబోతున్నాను. ఆ స్నేర్ డ్రమ్ శబ్దం స్టీలు బిందె మీద గరిటెతో కొట్టినట్టు ఉండేది, సోలో అనేది మచ్చుకి ఒక్కటి లేదు. ఎంత తిట్టుకున్నామో! హాస్టల్ రెండు పార్టీలుగా చీలి, మెస్సులో పళ్లేలు వాయించి మరీ వాదించుకున్నాం. 2008లో డెత్ మాగ్నెటిక్ వచ్చినప్పుడు అమీర్‌పేట్ రూమ్‌లో ఉన్నాను, వింటుంటే శబ్దం పగిలిపోయినట్టు బర్రుమంటోంది. స్పీకర్లు పోయాయనుకుని ఆదివారం పూట కోఠి గుజరాతీ గల్లీకి పోయి బేరమాడి కొత్త జత తెచ్చాను. అవీ బర్రుమన్నాయి. దుకాణం అతనితో గొడవపడటానికి సిద్ధమై, రూమ్మేట్ చెప్తే తెలుసుకున్నదేమిటంటే, తప్పు స్పీకర్లది కాదు, ఆల్బమ్‌నే అంత గట్టిగా నొక్కి మరీ తయారుచేశారు. గిటార్ హీరో అనే వీడియోగేమ్‌లో ఉన్న అవే పాటలు సీడీ కంటే శుభ్రంగా వినపడుతున్నాయని లోకమంతా గోల. కొత్త స్పీకర్లు తర్వాత మూడేళ్లు పనికొచ్చాయనుకోండి.

ఇంత జరిగినా 2011 అక్టోబర్‌లో బెంగళూరు వస్తున్నారంటే లక్డీకాపూల్‌లో నైట్ బస్సెక్కేశాను. 28న గుర్‌గావ్‌లో జరగాల్సిన షో రద్దయింది, జనం స్టేజీ మీదకెక్కి విరగ్గొట్టడం టీవీల్లో చూపించారు. మనది ఉంటుందో ఉండదో అని బస్సులో రాత్రంతా టెన్షన్. 30న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో దీపాలు ఆరిపోయి వాళ్లు స్టేజీ మీదకొచ్చేసరికి, నా పక్కన నిలబడ్డ ముక్కూమొహం తెలియని కర్నూలు కుర్రాడు నా భుజం పట్టుకుని ఏడ్చేశాడు. అన్నా అన్నా అంటున్నాడే తప్ప ఇంకో మాట లేదు. అలాంటి రోజు ఒకటి ఇచ్చినవాళ్లు కాబట్టే 72 సీజన్స్‌ని పన్నెండు సార్లు మొదటి నుంచి చివరిదాకా విన్నాను, లెక్కపెట్టుకుని మరీ. ఇంకే బ్యాండ్‌కీ అన్ని అవకాశాలు ఇచ్చుండేవాణ్ణి కాదు. పన్నెండోసారి విన్నాక సీడీని డబ్బాలో పెట్టేశాను, కోపం లేదు, ఏమీ లేదు. సెయింట్ ఆంగర్ మీద కోపమైనా వచ్చింది, దీనిమీద అదీ రాలేదు. చుట్టం ఇంటికి పిలిచి మర్యాదగా మాట్లాడి మర్యాదగా పంపించేసినట్టు ఉంది.

కొనాలా అంటే, సీడీ, రికార్డు పోగేసే అలవాటుంటే మీ ఇష్టం. లేకపోతే స్ట్రీమింగ్‌లో నేను చేసినట్టు చేయండి. నేనే ఎడిటర్ అవతారమెత్తి ట్రిమ్ చేశాను. ముందు లక్స్ ఎటర్నా, తర్వాత ఆల్బమ్ పేరు పాట, షాడోస్ ఫాలో, స్క్రీమింగ్ సూసైడ్, రూమ్ ఆఫ్ మిర్రర్స్, చివర్లో ఇనమొరాటా. ఆరు పాటలు, దాదాపు 40 నిమిషాలు. ఇలా వింటే ఇది గత ముప్పై ఏళ్లలో వాళ్ల మంచి ఆల్బమ్‌లలో ఒకటి అంటాను, ఒట్టు. మిగతా 37 నిమిషాలు లైవ్ షోలో ఎవరైనా బాత్రూమ్‌కి వెళ్లిరావడానికి ఉంచుకోవచ్చు.

ఆ ఆరింటినీ ప్లేలిస్టు చేసి మేనల్లుడికి పంపాను. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు రాత్రి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. “మామయ్యా, ఆరూ విన్నా, పర్లేదు. కానీ నువ్వు చేజింగ్ లైట్ ఎందుకు పెట్టలేదు? ఆల్బమ్ మొత్తంలో నాకు అదే ఎక్కింది, పొద్దున్నుంచీ అదే నడుస్తోంది.” నేను తీసి పక్కన పడేసిన ఆరింట్లో ఎనిమిదో నంబరు పాట, ఫోన్ చేతిలోకి వచ్చిందన్నానే, అదే. ఏం చెప్పాలో తోచక, “ఇంకోసారి వింటాలేరా” అన్నాను.